ఉచితంగా దొరికేదానికి ఐదు వేలు

గత మాసం ఒక సాయంత్రం మా చెల్లెలు తన ఫోను నా చేతికిచ్చి, “భాయీజాన్, ఇది ఒకసారి చూడండి. నేను మోసపోయానో లేదో మీరే చెప్పండి” అన్నది. అప్పటికే ఆమె 4,999 రూపాయలు చెల్లించి ఉన్నది. ఓవర్‌లాక్ మిషన్ కొనడానికి నెలనెలా కొంత చొప్పున దాచుకున్న సొమ్ములోంచి తీసి కట్టిన డబ్బు అది.

ఆమె ఇంట్లోనే పిల్లల దుస్తులు కుడుతుంది. మూడేళ్ల క్రితం మా బావగారు పనిచేసే దుకాణం మూతపడినప్పటినుంచి ఆ ఇంటికి ఆ కుట్టుపనే పెద్ద ఆధారం. తెలిసినవారికి వాట్సాప్‌లో ఫొటోలు పంపుతుంది. వారు మరొకరికి చెబుతారు. అలా నడుస్తున్న చిన్న వ్యాపారాన్ని పెంచుకుందామన్న ఆశతో, ఫేస్‌బుక్‌లో కనిపించిన ఒక ప్రకటనను నమ్మి “ఆన్‌లైన్ మార్కెటింగ్ రహస్య సాధనాల కిట్” ఒకటి కొన్నది. డబ్బు కట్టిన అరగంటకు ఒక పీడీఎఫ్ వచ్చింది. అందులో సుమారు రెండు వందల సాధనాల పేర్లు, వాటి పక్కన లింకులు ఉన్నాయి. ఆ లింకులు నేను ఒక్కొక్కటే తెరిచి చూశాను. దాదాపు అన్నీ ఎవరైనా పైసా చెల్లించకుండా వాడుకోగలిగినవే. ఏటి ఒడ్డున కూర్చుని నీళ్లు అమ్మిన వ్యాపారం అది.

మోసమా కాదా అన్న ప్రశ్నకు నేను వెంటనే జవాబు చెప్పలేకపోయాను. జాబితా అబద్ధం కాదు, సాధనాలు నిజమైనవే. కనుక కోపాన్ని కాస్త పక్కన పెట్టి, వరుసగా నాలుగు సాయంత్రాలు ఆ జాబితా ముందేసుకుని ఇద్దరం కూర్చున్నాం. ఆ రెండు వందలలో ఆమెలాంటి గృహిణికి నిజంగా అక్కరకు వచ్చేవి ఐదో ఆరో తేలాయి. ఈ శీర్షికలో లోగడ ఇంటి ఖర్చుల లెక్క గురించి రాసినప్పుడు పచ్చళ్లు, అత్తరు, మసాలా పొడులు, దుస్తులు ఇంటినుంచే అమ్ముకునే సోదరీమణులు అనేకులు ఉత్తరాలు రాశారు. వారిలో మరెవరూ ఈ ఐదు వేలు పోగొట్టుకోకూడదన్నది ఈ నెల ఈ విషయం ఎత్తుకోవడానికి కారణం.

ముందుగా ఆమె చేతిలో అప్పటికే ఉన్న వాట్సాప్ సంగతి. ఆమె వాడుతున్నది మనమందరం వాడే మామూలు వాట్సాప్. చిన్న వ్యాపారుల కోసం ‘వాట్సాప్ బిజినెస్’ అనే వేరే యాప్ 2018 జనవరిలోనే వచ్చింది. అదీ ఉచితమే. 2019 చివరలో అందులో ‘కేటలాగ్’ అనే సదుపాయం చేరింది. సరుకు ఫొటో, ధర, వివరం ఒక్కసారి పెట్టుకుంటే చాలు, అడిగినవారికి ఆ లింకు పంపవచ్చు. మా చెల్లెలు అంతకుముందు ఒకే గౌను ఫొటోను ముప్పై మందికి ముప్పైసార్లు పంపుతూ, ప్రతిసారీ ధర చేత్తో టైపు చేస్తూ ఉండేది. ఒక్కోసారి ఇద్దరికి రెండు ధరలు చెప్పి నాలుక కరచుకునేది. కేటలాగ్ పెట్టుకున్న రోజునుంచి ఆ చిక్కు తప్పింది.

ఆ యాప్‌లో నాకు అంతకన్న ఎక్కువ నచ్చినది ‘లేబుళ్లు’. ఒక్కొక్క సంభాషణకు ఒక్కొక్క చీటీ అంటించుకోవచ్చు. ఆమె నాలుగే పెట్టుకున్నది: ‘కొలతలు రావాలి’, ‘కుడుతున్నాను’, ‘పంపాను’, ‘డబ్బు రావాలి’. నాలుగో చీటీ కింద ఎన్ని పేర్లు చేరాయో చూసుకున్న రోజు ఆమె ముఖం వాడిపోయింది. మొహమాటంతో అడగలేక వదిలేసిన బాకీలు అన్నీ ఒకచోట పేరుకుని కనిపించాయి. ఏ మార్కెటింగ్ సాధనమూ కొత్త గిరాకీ తేకముందే, పాత గిరాకీలో చిక్కుకున్న సొమ్మును చూపించింది ఈ చీటీ.

ఇక్కడే మరొక సందేహం కూడా తీరింది. ఆమె ‘బ్రాడ్‌కాస్ట్’ జాబితాలో దాదాపు రెండు వందల నంబర్లు చేర్చి కొత్త నమూనాలు పంపేది. జవాబిచ్చేవారు పదిమందికి మించేవారు కారు. జనానికి నచ్చడం లేదేమోనని కుమిలిపోయేది. అసలు సంగతి వేరు. ఒక బ్రాడ్‌కాస్ట్ జాబితాలో 256 మందిని చేర్చవచ్చు గాని, మన నంబరును తమ ఫోనులో భద్రపరచుకున్నవారికి మాత్రమే ఆ సందేశం చేరుతుంది. మన దగ్గర వారి నంబరు ఉంటే సరిపోదు, వారి దగ్గర మనది ఉండాలి. ఇది కొందరికి లోపంగా తోస్తుంది గాని, నాకు న్యాయంగానే కనిపిస్తుంది. మన గడప తొక్కమని పిలవనివారి ఇంటికి రోజూ మూట మోసుకుని వెళ్లకుండా ఆపే ఏర్పాటు ఇది. ఇప్పుడామె ప్రతి పొట్లంలోనూ ఒక చిన్న కాగితం పెడుతోంది: “మా కొత్త నమూనాలు చూడదలిస్తే ఈ నంబరును దాచుకోండి.”

ఇక ‘గూగుల్ ట్రెండ్స్’. 2006నుంచి ఉన్న ఈ సాధనం జనం గూగుల్‌లో ఏ మాట ఎప్పుడు ఎక్కువగా వెదుకుతున్నారో గీతగా గీసి చూపిస్తుంది. దేశం, రాష్ట్రం విడిగా ఎంచుకోవచ్చు. పలు మాటలను పక్కపక్కన పెట్టి పోల్చవచ్చు. ఒకే వస్తువును అమ్మేవారు ఒక పేరుతో పిలుస్తారు, కొనేవారు మరొక పేరుతో వెదుకుతారు. ఆ తేడాను ఇది బయటపెడుతుంది. అయితే ఒక జాగ్రత్త. అందులో కనిపించే 100 అంటే వంద మంది వెదికారని కాదు. మనం ఎంచుకున్న కాలంలో ఆ మాటకు ఆదరణ అన్నింటికన్న ఎక్కువగా ఉన్న సమయాన్ని 100గా తీసుకుని, తక్కిన వాటిని దానితో పోల్చి చూపుతారు. కనుక ఒక చిన్న మాటకు 100 కనిపించినంత మాత్రాన లక్షల గిరాకీ ఉన్నదనుకుని తానుల కొద్దీ గుడ్డ కొనరాదు.

మనకు మరొక చిక్కు ఉంది. దాని గురించి ఆ కిట్‌లో ఒక్క మాట లేదు. ఈ సాధనాలన్నీ జనవరితో మొదలై డిసెంబరుతో ముగిసే సంవత్సరంతో లెక్క కడతాయి. మన పండుగలు చంద్రమానంతో నడుస్తాయి. మన దేశంలో ఈదుల్ ఫిత్ర్ 2024లో ఏప్రిల్ 11న వచ్చింది, 2025లో మార్చి 31న వచ్చింది. ఏటా పది పదకొండు రోజులు వెనక్కి జరుగుతుంది. “నిరుడు ఇదే వారంతో పోల్చి చూడండి” అని ఏ సాధనమైనా చూపించే లెక్క పిల్లల పండుగ దుస్తుల విషయంలో తలకిందులవుతుంది. 2024లో ఏప్రిల్ మొదటి వారం పండుగ ముందటి రద్దీ, 2025లో అదే వారం పండుగ తరువాతి నిశ్శబ్దం. రెంటినీ పోల్చి చూసినవారికి వ్యాపారం కూలిపోయినట్లే తోస్తుంది. పండుగ ఎప్పుడో మన ఇంట్లో చిన్నపిల్లకు సైతం తెలుసు గాని యంత్రానికి తెలియదు. కిట్‌లో ‘సంవత్సర ప్రచార పట్టిక’ అని ఒకటి ఇచ్చారు. అందులో ఈద్ ఏ ఏటికైనా ఏప్రిల్‌లోనే కదలకుండా కూర్చుని ఉన్నది! అది చూసి మా చెల్లెలు ఆ నాలుగు రోజులలో మొదటిసారి నవ్వింది.

చేయవలసినది సులువే. గూగుల్ ట్రెండ్స్‌లో తేదీలను మనమే ఎంచుకునే వీలుంది. ఒక్కొక్క ఏటికి ఈద్ తేదీ గుర్తు పెట్టుకుని, దానికి ముందు ఎన్ని వారాలనుంచి గీత లేస్తున్నదో విడివిడిగా చూసి రాసుకోవాలి. తేదీలను కాక, ఈద్‌కు ముందున్న వారాలను లెక్క పెట్టుకుంటే గుడ్డ ఎప్పుడు కొనాలో, ఆర్డర్లు ఎప్పుడు ఆపాలో తేలుతుంది.

ఇంటినుంచి పనిచేసే స్త్రీలు ఎక్కువగా భయపడేది ‘గూగుల్ బిజినెస్ ప్రొఫైల్’ విషయంలో. గూగుల్ మ్యాప్స్‌లో మన వ్యాపారం పేరు కనిపించేలా చేసే ఉచిత సదుపాయం ఇది. 2021 వరకు ‘గూగుల్ మై బిజినెస్’ అనేవారు. ఇంటి చిరునామా లోకానికంతటికీ కనబడుతుందేమోనని మా చెల్లెలు దాని జోలికే పోలేదు. వాస్తవానికి కొనుగోలుదారుల ఇంటికి వెళ్లి సేవ చేసేవారు తమ చిరునామాను కనబడకుండా ఉంచి, ఏయే ప్రాంతాలకు సేవ చేస్తారో మాత్రమే తెలుపవచ్చు. ఆమె కొలతలకు ఇళ్లకు వెళ్తుంది కనుక ఆమెకు ఇది వర్తిస్తుంది. కొనేవారిని ఎన్నడూ ముఖాముఖి కలవక, కేవలం ఆన్‌లైన్‌లోనే అమ్మేవారికి మాత్రం ఈ సదుపాయం లేదు. ఆ నియమం తెలియక నమోదు చేసుకుంటే తరువాత తొలగిస్తారు.

ఈ ప్రొఫైల్ దగ్గరే మేమిద్దరం చాలాసేపు ఆగిపోయాం. కిట్ చివర ‘సిద్ధంగా ఉన్న సమీక్షలు’ అని ఒక అధ్యాయం ఉంది. “గుడ్డ నాణ్యత చాలా బాగుంది, సమయానికి అందింది” వంటి యాభై వాక్యాలు. వాటిని బంధువుల చేత, స్నేహితుల చేత తమ తమ ఖాతాలలో రాయించమని సలహా. మా చెల్లెలు అప్పటికే వదినకు, మరదలికి చెరి రెండు వాక్యాలు పంపి ఉన్నది! “అందరూ ఇలాగే చేస్తారట భాయీజాన్” అన్నది, తల వంచుకుని.

అందరూ చేస్తారేమో. కాని కొనని సరుకు బాగుందని చెప్పడం కూటసాక్ష్యమే కదా. వస్తువులోని లోపాన్ని కొనేవాడికి విప్పి చెప్పాలన్న మాటను చిన్ననాటినుంచి వింటూ పెరిగినవాళ్లం, లేని మెచ్చుకోలును ఎలా సృష్టించగలం? ధర్మం మాట అటుంచి చూసినా, ఇది గూగుల్ నియమాలకు విరుద్ధం. డబ్బో కానుకో ఇచ్చి రాయించిన సమీక్షలను, నిజమైన అనుభవం లేకుండా రాసినవాటిని అది నిషేధించింది. ఆన్‌లైన్ సమీక్షల గురించి మన దేశపు ప్రమాణాల సంస్థ 2022లో ఐఎస్ 19000 అనే ప్రమాణాన్ని కూడా ప్రకటించింది. ఆ రాత్రే ఆమె వదినకు ఫోను చేసి వద్దని చెప్పింది. బదులుగా, నిజంగా కొన్నవారిలో ఏడుగురిని “మీకు తోచినది రాయండి” అని కోరింది. నలుగురు రాశారు. అందులో ఒక తల్లి, గౌను బాగున్నది గాని గుండీలు రెండు ఉతుకులకే ఊడిపోయాయని రాసింది. దానిని తీసివేయించే మార్గం ఏమైనా ఉన్నదా అని చెల్లెలు అడిగింది. వద్దన్నాను. గుండీలకు వాడే దారం మార్చి, ఆ సంగతే ఆ సమీక్ష కింద జవాబుగా రాసింది. ఇంతవరకు ఆ ప్రొఫైల్ చూసి ఫోను చేసిన ముగ్గురిలో ఇద్దరు ఆ జవాబును ప్రస్తావించారు.

బొమ్మల విషయం క్లుప్తంగా చెబుతాను. ప్రకటనలు, ధరల పట్టికలు తయారు చేసుకోవడానికి ‘కాన్వా’ అనే సాధనం ఉచితంగా దొరుకుతుంది. అందులో కొన్ని బొమ్మలకు మాత్రం డబ్బు కట్టాలి, వాటిని వదిలేస్తే సరి. అందమైన తెలుగు అక్షరాల కోసం గూగుల్ ఫాంట్స్‌లో మండలి, రామభద్ర, సురన్న, గురజాడ వంటివి ఉన్నాయి. వ్యాపారానికి సైతం స్వేచ్ఛగా వాడుకునే అనుమతితో విడుదలైనవి ఇవి. గూగుల్‌లో వెదికితే వచ్చే ఫొటోలు అలాంటివి కావు. అవి ఎవరివో ఒకరివి. ఆమె మొదటి పోస్టరులో ఏదో విదేశీ కంపెనీ గౌను తొడుక్కున్న పాప ఉన్నది. పరుల సొత్తు అన్నది ఒక తప్పు, చూపించిన గౌను ఒకటి, పంపే గౌను మరొకటి కావడం రెండో తప్పు. ఇప్పుడు ఉదయపు వెలుతురులో కిటికీ పక్కన హ్యాంగరుకు తగిలించి తన సరుకునే ఫొటో తీస్తోంది. పిల్లల ముఖాలు ఎక్కడా లేవు. ఆ ఫొటోలు అంత తళుకుగా ఉండవు గాని, గౌను మాత్రం అదే.

జాబితాలోని 140వ పేరో 150వ పేరో, మా కంట చివరగా పడింది ‘మెటా యాడ్ లైబ్రరీ’. ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్‌లలో ప్రస్తుతం ఎవరు ఏ ప్రకటన ఇస్తున్నారో ఎవరైనా వెదికి చూసుకోగల బహిరంగ భాండాగారం అది. ప్రతి ప్రకటన పక్కనా అది ఏ తేదీన మొదలైనదో ఉంటుంది. తోటి వ్యాపారులు ఎలా రాస్తున్నారో, ఏ ప్రకటనను నెలల తరబడి ఆపకుండా నడుపుతున్నారో దానిద్వారా తెలుస్తుంది. నష్టం తెచ్చే ప్రకటనకు నెలల తరబడి డబ్బు పోసేవారు అరుదు కదా. నాకెందుకో ఒక ఆలోచన వచ్చి, ఆ కిట్ అమ్మినవారి పేరే అందులో వెదికాను.

ఒకే కిట్‌కు పదికి పైగా ప్రకటనలు కనిపించాయి. “ఈ రాత్రి 12 గంటల వరకే ఈ ధర” అని మా చెల్లెలిని తొందరపెట్టిన ప్రకటన కూడా వాటిలో ఉన్నది. అది మొదలై అప్పటికి పదకొండు వారాలు. ఆ ‘ఈ రాత్రి’ డెబ్బై ఏడు రాత్రులుగా నడుస్తోంది. మొదటి సాయంత్రం ఆమె అడిగిన ప్రశ్నకు జవాబు అక్కడ దొరికింది. ఇలా లేని గడువుతో కొనుగోలుదారులను తొందరపెట్టడాన్ని కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2023 నవంబరు 30న ఇచ్చిన మార్గదర్శకాలు నిషేధించిన పదమూడు రకాల మాయోపాయాలలో చేర్చాయి. ఆమె డబ్బు పెట్టి కొన్న జాబితాలోనే, ఆ జాబితాను కొననక్కరలేదని తెలియజెప్పే సాధనం ఉచితంగా ఉన్నది. కట్టకముందు ఐదు నిమిషాలు అందులో వెదికి ఉంటే మిషన్ డబ్బు మిషన్‌కే ఉండేది. చదువరులు ఈ వ్యాసంలో ఒక్క పేరు మాత్రమే గుర్తు పెట్టుకుంటామంటే, నేను దీనినే పెట్టుకోమంటాను. ఫేస్‌బుక్‌లో చూసి ఏ కోర్సుకైనా, కిట్‌కైనా డబ్బు కట్టేముందు దీనిలో ఒకసారి వెదకండి.

ఇన్ని మంచి మాటలు చెప్పాక, ఉచిత సాధనాల మరో ముఖం దాచడం న్యాయం కాదు. ఇవి ఒకరి స్థలంలో మనం వేసుకున్న పందిళ్లు. స్థలం యజమాని లేపేస్తే లేవవలసిందే. బిజినెస్ ప్రొఫైల్‌తో పాటు గూగుల్ ఇచ్చిన ఉచిత వెబ్‌సైట్లను ఎందరో చిన్న వ్యాపారులు తమ చిరునామాగా కార్డుల మీద అచ్చు వేయించుకున్నారు. 2024 మార్చిలో గూగుల్ వాటిని మూసివేసింది. ఈమెయిల్ పంపే మెయిల్‌చింప్ ఒకప్పుడు 2,000 మంది వరకు ఉచితమన్నది, తరువాత దానిని 500కు దించింది. గూగుల్ అనలిటిక్స్ పాత రూపం 2023 జులై 1 తరువాత కొత్త లెక్కలు తీసుకోవడం మానివేసింది. 2020 జూన్ 29న ప్రభుత్వం టిక్‌టాక్‌ను నిషేధించినప్పుడు, కేవలం దాని మీదే గిరాకీ పెంచుకున్నవారికి తెల్లవారేసరికి తమ కొనుగోలుదారులను చేరుకునే దారి లేకపోయింది. 2021 అక్టోబరు 4న ఫేస్‌బుక్, వాట్సాప్, ఇన్‌స్టాగ్రామ్ మూడూ కలిసి ఆరు గంటల పాటు ఆగిపోయాయి. ఇవేవీ మన అనుమతి తీసుకుని జరిగినవి కావు. పైసా తీసుకోనివాడిని నిలదీసే హక్కు కూడా మనకు అంతంత మాత్రమే.

అందుకే ఆమె చేత ఒక పుస్తకం కొనిపించాను. నలభై రూపాయల పొడవాటి ఖాతా పుస్తకం. అందులో ప్రతి కొనుగోలుదారు పేరు, నంబరు, పిల్లల పేర్లు, వయసు, కొలతలు, కొలత తీసిన తేదీ. ఇది మొదలుపెట్టాక ఆమెకే ఒక సంగతి స్ఫురించింది. నిరుడు మూడేళ్ల కొలత ఇచ్చిన పాపకు ఈ ఏడు నాలుగేళ్లు, ఆ గౌను ఇక పట్టదు. కనుక పండుగకు ఎనిమిది వారాల ముందు ఆ తల్లికి “పాప పెరిగి ఉంటుంది ఆపా, కొలత తీసుకోవడానికి రమ్మంటారా?” అని ఒక్క సందేశం పంపితే చాలు. ఏ ట్రెండ్స్‌కూ, ఏ అనలిటిక్స్‌కూ ఈ పాప వయసు తెలియదు.

ఆ నంబర్ల గురించి ఒక మాట. అవి మన ఆస్తి కావు, మన వద్ద ఉంచిన అమానతు. “మీ ఫోనులోని పరిచయాలన్నీ ఇక్కడ ఎక్కించండి, ఉచితంగా వెయ్యి మందికి సందేశాలు పంపుతాం” అనే సాధనాలు ఆ కిట్‌లో కనీసం పది ఉన్నాయి. అవి ఎందుకు ఉచితమో ఊహించడం కష్టం కాదు, ఆ నంబర్లే వాటికి సరుకు. పరుల వివరాలను వారి సమ్మతి లేకుండా వాడరాదని 2023లో మన దేశంలో డిజిటల్ వ్యక్తిగత వివరాల రక్షణ చట్టం కూడా వచ్చింది. పెళ్లి పిలుపులో ఇచ్చిన నంబరైనా, కొలతల కోసం ఇచ్చిన నంబరైనా, అడిగిన పనికే వాడాలి. ఆ పది పేర్లనూ జాబితాలో ఎర్ర సిరాతో కొట్టివేశాం.

డబ్బు వెనక్కి ఇమ్మని ఆమె కిట్ అమ్మినవారికి రెండుసార్లు రాసింది. జవాబు రాలేదు. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫిర్యాదు చేయమన్నాను. కట్టిన రసీదు, ప్రకటన తేదీ కనిపించే స్క్రీన్‌షాట్ రెండూ భద్రపరచి, పోయిన శుక్రవారం ఫిర్యాదు నమోదు చేసింది. ‘డబ్బు రావాలి’ చీటీ కింద ఉన్నవారిలో ఐదుగురు ఈ నెల చెల్లించారు. అది కలిపితే పోయిన సొమ్ములో సగానికి కొంచెం తక్కువగా పూడింది. మిషన్ ఇంకా రాలేదు. అంచులు కుట్టించుకోవడానికి వారానికి రెండుసార్లు వీధి చివరనున్న దర్జీ దగ్గరకు మూట పట్టుకుని వెళ్లివస్తూనే ఉన్నది.